లక్స్ అంటే ఏమిటి, వెలుతురును సరిగ్గా కొలవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

బల్బు కొనేటప్పుడు చాలామంది ఇప్పటికీ వాట్లే చూస్తారు. ఆ బల్బు ఎంత కరెంటు వాడుతుందన్నది తప్ప వాట్లు ఇంకేమీ చెప్పవు. అది ఎంత వెలుతురు ఇస్తుందో లూమెన్లు చెబుతాయి. ఆ వెలుతురులో మీ పుస్తకం మీదికి ఎంత చేరిందో చెప్పేది లక్స్. చదవడానికైనా, రాయడానికైనా, సూదిలో దారం ఎక్కించడానికైనా కంటికి కావలసింది ఈ చివరిదే.

వెలుతురు చాలదనిపిస్తే ఇంకా పెద్ద బల్బు పెట్టడం మనకు అలవాటు. చాలాసార్లు లోపం బల్బులో ఉండదు, అది ఉన్న దూరంలోనో, వాలులోనో ఉంటుంది. ఆ సంగతి కంటితో తేలదు. 100 లక్స్ ఉన్న గదిలోకి వెళ్లినా, 300 ఉన్న గదిలోకి వెళ్లినా కన్ను కాసేపటికి సర్దుకుంటుంది, తేడా పెద్దగా తెలియదు. అందుకే కొలవాలి. కొలవడం కష్టమేమీ కాదు గానీ, మొదట ఏం కొలుస్తున్నామో గట్టిగా తెలియాలి. కింది మొదటి అడుగు అందుకే కాస్త పొడవుగా ఉంటుంది.

మొదటి అడుగు: లూమెన్, కాండెలా, లక్స్‌లను విడదీసి చూడండి

దీపం నుంచి అన్ని దిక్కులకూ బయటికొచ్చే మొత్తం వెలుతురును లూమెన్లలో చెబుతారు. పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఇచ్చేది సుమారు 700 నుంచి 800 లూమెన్లు. అంత వెలుతురునూ ఇప్పటి ఎల్‌ఈడీ బల్బు 8, 9 వాట్లతో ఇచ్చేస్తుంది. వాట్లను నమ్ముకోవద్దనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఒక దిక్కుగా వెళ్లే వెలుతురు ఎంత గట్టిగా ఉందో కాండెలా చెబుతుంది. ఒకే లూమెన్లున్న రెండు దీపాల్లో ఒకటి నలువైపులా చిమ్ముతుంది, రెండోది టార్చిలా ఒకవైపే పోగు చేసి పంపుతుంది అనుకోండి. ముందువైపు కాండెలాలు రెండోదానికి ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటాయి. అన్ని దిక్కులకూ సమానంగా 1 కాండెలా ఇచ్చే దీపం మొత్తం వెలుతురు 12.57 లూమెన్లు. గణితంలోని పై (π, సుమారు 3.14) విలువను నాలుగుతో గుణిస్తే వచ్చే అంకె ఇది. ముందు లెక్కల్లో పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇక లక్స్. ఒక చదరపు మీటరు మీద 1 లూమెన్ సమంగా పరుచుకుంటే అక్కడి వెలుతురు 1 లక్స్. వర్షపాతాన్ని నేల మీద కొలుస్తాం, మబ్బులో కాదు. లక్స్ సంగతీ అంతే: దీపానికి లక్స్ ఉండదు, దీపం వెలుతురు పడే చోటుకు ఉంటుంది. "ఈ లైటు ఎన్ని లక్స్?" అని ఎవరైనా అడిగితే "ఎంత దూరంలో?" అని తిరిగి అడగాల్సిందే. చలికాలపు డిప్రెషన్‌కు వాడే లైట్ థెరపీ దీపాల మీద 10,000 లక్స్ అని రాసి ఉంటుంది. ఆ అంకె పక్కన దూరం కూడా ఉందో లేదో చూడండి. ముఖానికి ఇన్ని సెంటీమీటర్ల దూరంలో అని లేకపోతే ఆ 10,000కి అర్థం లేదు.

అమెరికాలో ఇప్పటికీ ఫుట్-కాండిల్ అనే కొలత వాడుకలో ఉంది. అది చదరపు అడుగుకు ఒక లూమెన్. 1 ఫుట్-కాండిల్ అంటే 10.76 లక్స్. పాత మీటర్ల మీద, అక్కడి పుస్తకాల్లో ఇది కనిపిస్తే 10తో గుణించుకోండి, మామూలు అవసరాలకు అది చాలు.

ఈ అంకెల వెనక మనిషి కన్ను ఉంది

పొడవు, బరువు లాంటి కొలతలకు చూసేవాడితో పని లేదు. వెలుతురు కొలత అలా కాదు. మనిషి కంటికి ఏ రంగు ఎంత వెలుగుగా కనిపిస్తుందన్నది లక్స్‌లోనే కలిసి ఉంది. అంతర్జాతీయ దీపన సంస్థ 1924లో సగటు కంటి స్పందనకు ఒక పట్టిక ఖాయం చేసింది, ఇప్పటికీ లెక్క దాని మీదే నడుస్తోంది. పట్టపగటి వెలుతురులో కన్ను అన్నిటికంటే బాగా పట్టుకునేది 555 నానోమీటర్ల దగ్గరి పసుపు కలిసిన ఆకుపచ్చను. ఆ రంగులో 1 వాట్ కాంతి 683 లూమెన్లతో సమానం. అదే 1 వాట్ 650 నానోమీటర్ల ఎరుపులో ఉంటే సుమారు 73 లూమెన్లు, 450 నానోమీటర్ల నీలంలో ఉంటే 26 మాత్రమే. పరారుణ కాంతి ఎన్ని వాట్లున్నా సున్నా. అందుకే రిమోట్ కంట్రోల్ బటన్ నొక్కినప్పుడు వచ్చే కాంతిని లక్స్ మీటరు లెక్కలోకి తీసుకోదు.

683 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందన్నదానికి పెద్ద కథే ఉంది. 1860లో బ్రిటన్ చట్టం ఒక కొవ్వొత్తినే ప్రమాణంగా పెట్టింది. తిమింగిలం కొవ్వుతో చేసి, గంటకు 120 గ్రెయిన్ల (పాత బరువు కొలత) చొప్పున కాలే కొవ్వొత్తి అది. జర్మనీలో వేరే దీపం, ఇంకోచోట ఇంకోటి. ఒక ప్రయోగశాల అంకె మరో దానితో కలిసేది కాదు. 1948లో అంతర్జాతీయ తూనికలు, కొలతల మహాసభ కాండెలాను ఆమోదించి, కరిగిన ప్లాటినం గడ్డకట్టే వేడి దగ్గర వచ్చే వెలుగును ప్రమాణం చేసింది. దాన్ని తయారు చేసి నిలబెట్టడం ప్రయోగశాలలకు తలకు మించిన పని అయింది. 1979లో ఆ పద్ధతిని వదిలేసి, సెకనుకు 540 లక్షల కోట్ల సార్లు కంపించే ఏకవర్ణ కాంతిని తీసుకుని, దానికి 683 అనే అంకెను ముడిపెట్టారు. పాత కొవ్వొత్తి వెలుతురుకు దగ్గరగా ఉండేలా ఎంచుకున్న అంకె కాబట్టే అది అంత వింతగా ఉంటుంది. 2019 మే 20 నుంచి అమలైన కొత్త నిర్వచనాల్లోనూ అదే నిలిచింది.

రెండో అడుగు: దూరం, వాలు ఏం చేస్తాయో కాగితం మీద లెక్క చూసుకోండి

మీటరు పట్టుకునే ముందు ఈ చిన్న లెక్క చేసి చూడమని గట్టిగా చెబుతాను. దీని తర్వాత గదిలో దీపాలను చూసే చూపే మారిపోతుంది.

800 లూమెన్ల బల్బు అన్ని దిక్కులకూ సమానంగా వెలుగిస్తుందనుకుందాం. 800ను 12.57తో భాగిస్తే సుమారు 64 కాండెలాలు. నేరుగా కింద పడే లక్స్ కావాలంటే కాండెలాలను దూరం వర్గంతో భాగించాలి. బల్బు బల్లకు 2 మీటర్ల పైన ఉంటే 64ను 4తో భాగించాలి: 16 లక్స్. 1 మీటరుకు దించితే 64 లక్స్. అర మీటరుకు దించితే 256. 40 సెంటీమీటర్లకు దించితే 400. అదే బల్బు, అదే కరెంటు, వెలుతురు 25 రెట్లు!

నిజం గదిలో పై అంకెలు ఇంతకంటే ఎక్కువే వస్తాయి. ఎల్‌ఈడీ బల్బు ఎక్కువ వెలుతురును ముందువైపే పంపుతుంది, తెల్లటి గోడలూ కప్పూ కొంత తిప్పి పంపుతాయి. అయినా దూరం వర్గం లెక్క అడుగున పనిచేస్తూనే ఉంటుంది. ఒక షరతు మాత్రం ఉంది: దీపం సైజుకు కనీసం ఐదు రెట్ల దూరంలో ఉన్నప్పుడే ఈ సూత్రం సరిగ్గా నప్పుతుంది. పొడవాటి ట్యూబ్‌లైటుకు దగ్గరగా ఉంటే దూరం రెట్టింపైనప్పుడు వెలుతురు నాలుగో వంతుకు కాదు, దాదాపు సగానికి తగ్గుతుంది.

వాలు సంగతి కూడా చూడాలి. కాంతి నిటారుగా పడితే పూర్తి విలువ. పక్కవాటుగా పడితే అదే వెలుతురు ఎక్కువ మేర పరుచుకుంటుంది, కాబట్టి లక్స్ తగ్గుతుంది. 30 డిగ్రీలు వాలితే 87 శాతం మిగులుతుంది, 60 డిగ్రీలు వాలితే సరిగ్గా సగం. 18వ శతాబ్దంలోనే లాంబెర్ట్ లెక్క కట్టిన కొసైన్ నియమం ఇదే. గది మధ్యలో లైటు ఉండి, బల్ల గోడ వారగా ఉంటే దూరం, వాలు రెండూ కలిసి దెబ్బ తీస్తాయి.

మూడో అడుగు: దేనితో కొలవాలో తేల్చుకోండి

అసలైన లక్స్ మీటరులో కాంతిని కరెంటుగా మార్చే సిలికాన్ ఫోటోడయోడ్ ఉంటుంది. దాని ముందు ఆకుపచ్చ ఛాయ ఉన్న ఫిల్టర్ పెట్టి కంటి స్పందనకు దగ్గరగా తెస్తారు. పైన తెల్లటి గుండ్రటి మూత ఉంటుంది. పక్కవాటుగా వచ్చే కాంతిని కూడా కొసైన్ నియమం ప్రకారం లోపలికి తీసుకోవడం ఆ మూత పని. మీటరు ఎంచుకోవాల్సి వస్తే సెన్సర్ తీగతో విడిగా ఉన్నది తీసుకోండి. సెన్సర్ బల్ల మీద ఉంచి మీరు దూరంగా జరిగి రీడింగు చూడొచ్చు, మీ నీడ పడదు.

చాలామంది దగ్గర ఉండేది ఫోనే. ఫోను ముందువైపు పైభాగంలో, ఇయర్‌పీస్ దగ్గర వెలుతురు సెన్సర్ ఉంటుంది. స్క్రీన్ కాంతిని దానంతట అదే సర్దుకునేది దీని సాయంతోనే. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ సెన్సర్ రీడింగు నేరుగా లక్స్‌లోనే యాప్‌కు అందుతుంది. ఐఫోన్‌లో బయటి యాప్‌లకు ఆ సెన్సర్ అందదు, అవి కెమెరా నుంచి అంచనా కడతాయి. ఫోను సెన్సర్‌కు గుండ్రటి మూత ఉండదు, అది అద్దం కింద చిన్న రంధ్రంలో ఉంటుంది. కాబట్టి పక్కల నుంచి వచ్చే వెలుతురును తక్కువ చేసి చూపిస్తుంది.

మీ ఫోనును ఎంతవరకు నమ్మొచ్చో మీరే పరీక్షించుకోవచ్చు. రాత్రి పూట గదిలో ఒక్క బల్బే వెలిగించండి. దానికి 50 సెంటీమీటర్ల దూరంలో, సెన్సర్ నేరుగా బల్బును చూసేలా పెట్టి రీడింగు రాసుకోండి. ఇప్పుడు బల్బుకూ ఫోనుకూ మధ్య చిన్న అట్టముక్క అడ్డుపెట్టి, నేరుగా వచ్చే కాంతిని మాత్రం ఆపి మళ్లీ చూడండి. మిగిలింది గోడల నుంచి తిరిగొచ్చిన వెలుతురు, దాన్ని మొదటి అంకెలోంచి తీసేయండి. 1 మీటరు దూరంలోనూ ఇదే చేయండి. రెండు ఫలితాలూ నాలుగుకు ఒకటి నిష్పత్తిలో ఉంటే సెన్సర్ క్రమంగానే పనిచేస్తోంది. తర్వాత ఫోనును అక్కడే 60 డిగ్రీలు వాల్చండి, రీడింగు సగం కావాలి. సగం కంటే బాగా తక్కువ వస్తే, మీ ఫోను పై నుంచి నేరుగా పడే వెలుతురుకే పనికొస్తుంది. ఫోను అంకెను ఖచ్చితమైన విలువగా కాకుండా, "ఇక్కడికంటే అక్కడ రెండు రెట్లు" అనే పోలికకు వాడుకుంటే అది మోసం చేయదు.

మాన్యువల్ సెట్టింగులున్న కెమెరా, చేతి మీటరు అలవాటున్నవారికి ఇంకో దారి ఉంది. గుండ్రటి మూతకు బదులు చదును మూతతో, పడే కాంతిని కొలిచినప్పుడు లెక్క ఇది: ఎపర్చర్ అంకె వర్గాన్ని షట్టర్ వేగపు హారంతో గుణించి, దాన్ని 250తో గుణించి, ఐఎస్‌ఓతో భాగించాలి. ఎఫ్ 4, సెకనులో 60వ వంతు, ఐఎస్‌ఓ 100 అయితే సుమారు 2,400 లక్స్.

నాలుగో అడుగు: కొలవండి

మొదటిసారి రాత్రి పూట కొలవండి. అప్పుడు దీపాల లెక్క విడిగా తెలుస్తుంది. లైట్లు వేసిన వెంటనే కాకుండా కాసేపు ఆగండి. ఎల్‌ఈడీలకు కొన్ని నిమిషాలు చాలు, ట్యూబ్‌లైట్లకు, సీఎఫ్ఎల్‌లకు 20 నిమిషాలు ఇవ్వాలి. ముదురు రంగు బట్టలు వేసుకుంటే మంచిది, తెల్ల చొక్కా వెలుతురును తిప్పి కొట్టి రీడింగు పెంచుతుంది. ఫోను స్క్రీన్ కాంతి కూడా బాగా తగ్గించుకోండి.

సెన్సర్ ఎక్కడ, ఎటువైపు పెట్టాలన్నదే అసలు కీలకం. మీటరును చేత్తో పట్టుకుని దీపం వైపు చూపించడం అందరూ చేసే పని, దాని వల్ల వచ్చే అంకె ఎందుకూ పనికిరాదు. సెన్సర్‌ను మీరు చూసే వస్తువు మీద, ఆ వస్తువు ఎటు తిరిగి ఉందో అటే పడుకోబెట్టాలి. బల్ల మీద పుస్తకం చదివితే పుస్తకం పేజీ మీద, అదే వాలులో. తరగతి బోర్డును కొలిచేటప్పుడు బోర్డుకు ఆనించి, సెన్సర్ పిల్లల వైపు చూసేలా. అద్దం ముందు అయితే ముఖం ఉండే ఎత్తులో, సెన్సర్ అద్దం వైపు చూసేలా. మెట్ల మీద అయితే అడుగు పడే చోట నేల మీదే. ఏ పనో తెలియని ఖాళీ గదిని కొలవాలంటే నేల నుంచి 75 నుంచి 85 సెంటీమీటర్ల ఎత్తును పని తలంగా తీసుకుంటారు.

మీ నీడను ఏం చేయాలన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. గది మొత్తం వెలుతురు కావాలంటే నీడ పడకుండా దూరంగా జరగాలి. మీరు కూర్చుని పని చేసే చోటు కొలుస్తుంటే రోజూ కూర్చున్నట్టే కూర్చుని కొలవాలి, ఎందుకంటే ఆ నీడ రోజూ అక్కడ ఉండేదే. లైటు మీ వీపు వెనకాల ఉండే బల్లల దగ్గర ఈ రెండు రీడింగులకూ మధ్య తేడా చూస్తే ఆశ్చర్యపోతారు. కుడిచేత్తో రాసేవారి దీపం ఎడమవైపు ఉండాలనడానికి కారణం అక్కడే అంకెల్లో కనిపిస్తుంది.

ఒక్క చోట కొలిచి ఆపొద్దు. బల్లను గళ్లుగా ఊహించుకుని ఒక్కో గడి మధ్యలో కొలవండి. ఉదాహరణకు తొమ్మిది గళ్లలో పై వరుస 420, 460, 430, మధ్య వరుస 380, 410, 390, కింది వరుస 250, 270, 230 వచ్చాయనుకోండి. మొత్తం 3,240, సగటు 360. అన్నిటికంటే తక్కువైన 230ని సగటుతో భాగిస్తే 0.64. ఆఫీసు పని చేసే మేరలో ఈ నిష్పత్తి కనీసం 0.6 ఉండాలని యూరప్ ప్రమాణం చెబుతుంది, కాబట్టి ఇది పరవాలేదు. సగటు బాగానే ఉండి ఈ నిష్పత్తి పడిపోతే, కన్ను వెలుగుకూ చీకటికీ మధ్య పదేపదే సర్దుకోవాల్సి వస్తుంది.

పగలు కొలవాల్సి వస్తే లక్స్‌కున్న ఒక మంచి గుణం కలిసొస్తుంది: వేర్వేరు దీపాల లక్స్‌లు నేరుగా కూడుకుంటాయి. దీపం వేసి 430, ఆపి 120 వస్తే దీపం వాటా 310. మబ్బులు కదులుతుంటే ఈ రెండు రీడింగులూ వెంటవెంటనే తీసుకోవాలి.

కిటికీ వెలుతురును అంచనా కట్టే పద్ధతి వేరు. ఆకాశం అంతా మబ్బు పట్టిన రోజున బయట ఆరుబయలు, లోపల బల్ల మీద ఒకే సమయంలో కొలిచి శాతం కట్టాలి. బయట 10,000, లోపల 200 అయితే 2 శాతం. అంతకంటే తక్కువైతే పగలు కూడా దీపం కావాలి. 5 శాతం దాటితే పగలంతా దాదాపు దీపాల అవసరం ఉండదు.

ఐదో అడుగు: వచ్చిన అంకెను చదవండి

ప్రకృతిలో లక్స్ పరిధి ఊహకు అందనంత పెద్దది. నడినెత్తిన ఎండ సుమారు 1,00,000 లక్స్. ఎండ తగలని ఆరుబయలు నీడలో 10,000 పైనే. పున్నమి వెన్నెల 0.25 లక్స్ దగ్గర ఉంటుంది, చంద్రుడు లేని నక్షత్రాల రాత్రి 0.001 దరిదాపు. ఎండకూ వెన్నెలకూ మధ్య 4 లక్షల రెట్ల తేడా, అయినా రెండింట్లోనూ మనం దారి చూసుకుని నడుస్తాం. కన్ను రెట్లను చూస్తుంది, కూడికలను కాదు. 100 నుంచి 120కి పెంచితే ఎవరికీ తెలియదు. తేడా తెలియాలంటే కనీసం ఒకటిన్నర, రెండు రెట్లు మారాలి.

పనులకు వస్తే, యూరప్ ప్రమాణమైన ఈఎన్ 12464-1 నడవలకు 100 లక్స్, రాయడం, చదవడం, కంప్యూటర్ పనికి 500, సాంకేతిక డ్రాయింగుకు 750 అడుగుతుంది. ఇవి కొత్తగా దీపాలు పెట్టిన రోజు రావాల్సిన అంకెలు కావు. దీపాలు పాతబడి, దుమ్ము పట్టిన తర్వాత కూడా నిలవాల్సిన సగటు. ఇళ్లకు ఇంత కచ్చితమైన పట్టింపు అక్కర్లేదు. చదివే చోట 300 కంటే తగ్గనివ్వకపోతే, సన్న పనికి 500 దాటితే మంచిదన్నది నా అభిప్రాయం.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ అంకెలు చాలవు. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు బారుతుంది. 60 ఏళ్ల మనిషి కంటి వెనక తెర మీదికి చేరేది 20 ఏళ్ల వారికి చేరేదాంట్లో సుమారు మూడో వంతు వెలుతురే. "ఇంత లైటుంటే ఇంకా కనపడటం లేదంటారేమిటి?" అని విసుక్కునే ముందు వాళ్లు కూర్చునే చోట మీటరు పెట్టి చూడండి. వాళ్లకు రెట్టింపు వెలుతురు అవసరం, అందులో చాదస్తం ఏమీ లేదు.

ఆరో అడుగు: తక్కువైతే ఏ వరుసలో సరిచేయాలి

ముందు బల్బునూ, మూతనూ తుడవండి. తర్వాత బల్లనూ దీపాన్నీ దగ్గర చేయండి. రెండో అడుగులో చూసిన లెక్క ప్రకారం అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇక్కడే వస్తుంది. ఆ తర్వాత గోడల రంగు: తెల్ల గోడ పడిన వెలుతురులో 70, 80 శాతం తిప్పి పంపుతుంది, ముదురు రంగు గోడ 10 నుంచి 30 శాతమే. ఇవన్నీ అయ్యాకే ఎక్కువ లూమెన్ల దీపం గురించి ఆలోచించాలి.

గది మొత్తానికి ఎన్ని లూమెన్లు కావాలో తేల్చే లెక్క సులువు. కావలసిన లక్స్‌ను చదరపు మీటర్లతో గుణించి, 0.4తో భాగించండి. ఆ 0.4లో రెండు అంశాలున్నాయి: దీపాల వెలుతురులో సుమారు సగమే పని తలానికి చేరుతుంది, కాలంతోనూ దుమ్ముతోనూ అందులో 80 శాతమే మిగులుతుంది. 12 చదరపు మీటర్ల గది అంతా 300 లక్స్ కావాలంటే 9,000 లూమెన్లు. అదే గదికి 100 లక్స్ చాలనుకుంటే 3,000. చదివే బల్ల మీద మాత్రం 40 సెంటీమీటర్ల ఎత్తులో 800 లూమెన్ల టేబుల్ ల్యాంపు పెడితే అక్కడ 400 పైనే అదనంగా వస్తుంది. గదంతా నింపే బదులు పని చోటును నింపమని నేను చెప్పేది ఈ 9,000కీ 3,800కీ ఉన్న తేడా చూసే. ఒక్క జాగ్రత్త, చుట్టూ పూర్తిగా చీకటి చేసి బల్ల ఒక్కటే వెలిగించకూడదు. పని చోట 500 ఉంటే పక్కన 300 ఉండాలని పైన చెప్పిన ప్రమాణమే అంటుంది.

ప్రొజెక్టర్‌కూ ఇదే లెక్క తిరగేసి వాడొచ్చు. 3,000 లూమెన్ల ప్రొజెక్టర్ 100 అంగుళాల తెరను నింపితే, తెర వైశాల్యం సుమారు 2.76 చదరపు మీటర్లు, కాబట్టి తెల్ల రంగు ఉన్న చోట 1,090 లక్స్ పడుతుంది. గదిలో లైట్ల వల్ల తెర మీద 100 లక్స్ ముందే ఉంటే నలుపు అనేదే 100 దగ్గర మొదలవుతుంది. తెలుపుకూ నలుపుకూ తేడా 12 రెట్లకు పడిపోతుంది. బొమ్మ వెలిసిపోయినట్టు కనిపించడానికి కారణం ప్రొజెక్టర్ కాదు.

లక్స్ చెప్పలేనివి

కళ్లలోకి నేరుగా కొట్టే బల్బు వల్ల బల్ల మీద 500 లక్స్ వచ్చినా పని సాగదు. కంటికి కనిపించే మెరుపును చదరపు మీటరుకు కాండెలాల్లో కొలుస్తారు, ఫోన్ల ప్రకటనల్లో దాన్నే నిట్స్ అంటారు. 500 లక్స్ పడిన తెల్ల కాగితం సుమారు 130 నిట్స్‌తో కనిపిస్తుంది. కంప్యూటర్ తెరను కూడా ఆ దరిదాపుల్లో పెట్టుకుంటే చూపు కాగితానికీ తెరకూ మధ్య హాయిగా తిరుగుతుంది.

మొక్కలకు లక్స్ సరైన కొలత కాదు. కంటికి మసకగా తోచే ఎరుపు, నీలం కాంతులనే ఆకు బాగా వాడుకుంటుంది. మొక్కలు పెంచడానికి వాడే, ఎరుపు, నీలం కలిసిన గ్రో లైటు కింద లక్స్ మీటరు చాలా తక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి దీపం మార్చేయకండి. అక్కడ సెకనుకు చదరపు మీటరు మీద పడే ఫోటాన్లను, అంటే కాంతి కణాలను, మైక్రోమోల్స్‌ అనే లెక్కలో కొలవాలి. ఎండకు మాత్రం లక్స్‌ను 54తో భాగిస్తే ఆ విలువ దగ్గరగా వస్తుంది.

నిద్ర విషయంలో కూడా మామూలు లక్స్ పూర్తిగా చెప్పదు. ఒంట్లోని గడియారాన్ని నడిపే కణాలు నీలం వైపు కాంతికి ఎక్కువ స్పందిస్తాయి, దానికి మెలనోపిక్ లక్స్ అనే వేరే కొలత ఉంది. పగలు కంటి దగ్గర కనీసం 250, నిద్రకు ముందు మూడు గంటలు 10 లోపు, నిద్రలో 1 లోపు ఉండాలని 2022లో నిపుణుల బృందం సూచించింది. కొలిచేటప్పుడు సెన్సర్‌ను కంటి ఎత్తులో, చూపు ఎటుంటే అటు నిటారుగా పట్టుకోవాలి. పసుపు ఛాయ ఎల్‌ఈడీకి మెలనోపిక్ విలువ మామూలు లక్స్‌లో దాదాపు సగమే, కాబట్టి రాత్రికి అదే మేలు.

పాత ఫోటోలు, చేతిరాత ప్రతులు, రంగు బట్టల విషయంలో లక్స్‌తో పాటు గంటలు కూడా లెక్కపెట్టాలి. మ్యూజియంలు బాగా సున్నితమైన వస్తువులకు 50 లక్స్ మించనివ్వవు, ఏడాదికి 15,000 లక్స్-గంటలు దాటనివ్వవు. అంటే 50 లక్స్‌లో 300 గంటలు, రోజుకు 8 గంటల చొప్పున 38 రోజుల లోపే. మీ ఇంటి గోడ మీద తాతల నాటి ఫోటో ఉన్న చోట 200 లక్స్, రోజుకు 10 గంటలు పడుతోందనుకోండి. ఏడాదికి 7,30,000 లక్స్-గంటలు. అసలు ఫోటోను చీకటి పెట్టెలో దాచి, గోడకు నకలు తగిలించడం ఈ ఒక్క లెక్క చూశాక ఆలస్యం చేయకూడని పని.

రాసిపెట్టుకోవలసినవి

రీడింగు పక్కన తేదీ, వేళ, ఏ దీపాలు వెలుగుతున్నాయి, సెన్సర్ ఎంత ఎత్తులో ఎటు తిరిగి ఉంది, ఏ ఫోను లేదా మీటరుతో కొలిచారు అన్నవి తప్పక రాయండి. ఎల్‌ఈడీ బల్బు ఒక్కసారిగా మాడిపోకుండా నెమ్మదిగా మసకబారుతుంది. దాని ఆయుష్షును సాధారణంగా వెలుతురు 70 శాతానికి తగ్గే వరకే లెక్కిస్తారు. ఏడాదికోసారి అదే చోట, అదే పరికరంతో కొలిచి పాత అంకెతో పోల్చండి. తుడిచిన తర్వాత కూడా మొదటి రీడింగులో 70 శాతానికి దిగువన ఉంటే, వెలుగుతున్నా సరే ఆ బల్బు మార్చేయండి.